డాలస్‌లోనే ఉండిపోతే మా అమ్మాయి వెనకబడుతుందా?

ప్రశ్న: మేం డాలస్ నగరంలో ఉంటున్నాం. అమ్మాయి ఎనిమిదో గ్రేడ్. డాక్టర్ చేయాలని మా కోరిక. స్నేహితులంతా శివారు ఊళ్లయిన ఫ్రిస్కో, కాపెల్ వెళ్లిపోయారు. డాలస్ ఐఎస్‌డీలోనే (నగర ప్రభుత్వ పాఠశాలల డిస్ట్రిక్ట్) ఉంచితే టౌన్‌వ్యూ భవనంలో ఉన్న ట్యాగ్‌కి (ప్రతిభావంతుల కోసం పెట్టిన, ఎంపిక చేసి చేర్చుకునే మాగ్నెట్ హైస్కూల్) ప్రయత్నించాలా, లేక హైస్కూల్ అయ్యేసరికి అసోసియేట్ డిగ్రీ (రెండేళ్ల కాలేజీ డిగ్రీ) కూడా వచ్చే కాలేజియేట్ అకాడమీలో చేర్చాలా? టౌన్‌వ్యూ ఉన్న ఓక్ క్లిఫ్ ఏరియాకి పంపాలంటే భయం. మేం కూడా ఇల్లు మారకుండా తప్పు చేశామా?
– ఒక తల్లి, డాలస్

జవాబు: మీరు తప్పేమీ చేయలేదమ్మా. ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తుంటాయి. అడిగేది స్కూళ్ల గురించే అయినా, అందరూ వెళ్లిపోయారు, మేమే మిగిలిపోయాం అన్న బెంగ ప్రతి ఉత్తరంలోనూ కనిపిస్తుంది. ఆ బెంగతో తీసుకునే నిర్ణయాల భారం పిల్లల మీద పడుతుంది.

ముందు మీ ఇల్లు ఏ డిస్ట్రిక్ట్‌లో ఉందో చూసుకోండి. అడ్రస్‌లో డాలస్ అని ఉన్నా, నగరం ఉత్తర భాగంలో చాలా ఇళ్లు రిచర్డ్‌సన్, ప్లేనో డిస్ట్రిక్ట్‌ల కిందకి వస్తాయి. మాగ్నెట్ సీట్లలో డాలస్ ఐఎస్‌డీ పరిధిలో ఉన్నవాళ్లకే ముందు అవకాశం.

ట్యాగ్ మంచి స్కూల్. యూఎస్ న్యూస్ సంస్థ ఇచ్చే హైస్కూళ్ల ర్యాంకుల జాబితాలో దేశంలోనే మొదటి స్థానంలో పలుమార్లు నిలిచింది. అయితే అది చిన్న స్కూల్, అందులో ఉన్నవాళ్లంతా చురుకైన పిల్లలే. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ 2026 నుంచి టెక్సస్‌లోని ప్రతి హైస్కూల్లో పై 5 శాతం పిల్లలకే ఆటోమేటిక్ సీటు ఇస్తోంది. ర్యాంకు ఏ స్కూల్‌కి ఆ స్కూల్‌లోనే లెక్క. తరగతిలో వందమంది ఉంటే ఆ వరసలోకి వచ్చేది ఐదుగురే. మీరు ఫ్రిస్కో వెళ్లినా ఇదే పోటీ, ఇదే టెన్షన్. దాన్ని తప్పించుకోవడానికైతే ఇల్లు మారి లాభం లేదు.

ఇప్పుడు ఆ అసోసియేట్ డిగ్రీ సంగతి. మనవాళ్లలో ఇది ఫ్యాషనైపోయింది, నాకేమో అనుమానాలు పెరుగుతున్నాయి. ఫీజు లేకుండా 60 క్రెడిట్ల దాకా రావడం చిన్న విషయం కాదు. కాలేజీ ఖర్చు భరించలేని ఇంటికి అది వరం, త్వరగా ఉద్యోగంలో చేరాలనుకునే పిల్లకు మంచి దారి. మీరు అనుకుంటున్నది మెడిసిన్. ఇక్కడ మెడికల్ కాలేజీకి సాధారణంగా నాలుగేళ్ల డిగ్రీ తర్వాతే వెళ్తారు. అప్పుడు అప్లికేషన్‌లో హైస్కూల్లో ఉండగా తీసుకున్న కాలేజీ కోర్సుల గ్రేడ్లు కూడా చూపించాలి. పదిహేనేళ్ల వయసులో వచ్చిన ఒక ‘సి’ అక్కడిదాకా వెంట వస్తుంది. బయాలజీ, కెమిస్ట్రీ నాలుగేళ్ల యూనివర్సిటీలో చదివి ఉండాలని కోరుకునే మెడికల్ కాలేజీలూ ఉన్నాయి. టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఈ క్రెడిట్లు చాలావరకు చెల్లుతాయి కానీ, బయటి రాష్ట్రాల్లో, ప్రైవేటు వాటిల్లో ఆ భరోసా లేదు. రెండేళ్లు మిగుల్చుకోవడానికి పిల్లను ఇంత తొందరపెట్టాలా? నా మటుకు నేను వద్దనే అంటాను.

ఇక కోపం తెచ్చుకోకండి. ఉత్తరమంతా ‘మా కోరిక’, ‘మా భయం’. అమ్మాయికి ఏది ఇష్టమో ఒక్క ముక్క లేదు. టౌన్‌వ్యూలో ఉన్నది ట్యాగ్ ఒక్కటే కాదు. హెల్త్ ప్రొఫెషన్స్ మాగ్నెట్ ఆ భవనంలోనే ఉంది. డాక్టర్ కావాలనుకునే పిల్ల తల్లి దాని పేరే ఎత్తలేదంటే, మీరు వెతికింది చదువునా, ర్యాంకునా? పాటో బొమ్మలో ఇష్టమైతే బుకర్ టి. వాషింగ్టన్ ఆర్ట్స్ హైస్కూల్ ఉంది. సితార్ రవిశంకర్ గారి కూతురు నోరా జోన్స్ అక్కడే చదివింది.

ఓక్ క్లిఫ్ అంటే భయం అన్నారు. ఒక్కసారైనా వెళ్లి చూశారా? డాలస్‌లో నల్లజాతి పిల్లల్ని వేరుగా ఉంచడం మీద 1970లో కేసు పడింది. కోర్టు ఆదేశాల మీద 1976 నుంచి ఇక్కడ మాగ్నెట్ స్కూళ్లు వచ్చాయి. ఊరి అన్ని మూలల పిల్లలూ ఒకే తరగతిలో కూర్చోవాలనే వాటిని పెట్టారు. చూడకుండానే ఒక పేటకు పేరు పెట్టేయడం పిల్లకు నేర్పకండి, అది మంచిది కాదు.

ఓపెన్ హౌస్‌కి ఆమెను తీసుకెళ్లండి. టీచర్లను ప్రశ్నలు ఆమెనే అడగనివ్వండి, మీరు పక్కన ఉండి వినండి. ట్యాగ్ నచ్చితే అప్లై చేయండి, హెల్త్ ప్రొఫెషన్స్‌కి కూడా. ఏదీ రాకపోతే మీ ఇంటికి దగ్గరి హైస్కూల్లో ఏపీ కోర్సులు (హైస్కూల్లోనే చెప్పే కాలేజీ స్థాయి కోర్సులు) ఏమున్నాయో కౌన్సెలర్‌ని కనుక్కోండి. అక్కడి నుంచీ మెడిసిన్‌కి వెళ్లొచ్చు. అప్పటిదాకా ఇల్లు మారే మాట ఆమె ముందు ఎత్తకండి. తన వల్లే అమ్మానాన్న బాధపడుతున్నారని అనుకుంటుంది.