ఆటిజం ఉన్న బాబుకు పాలసీ ఇవ్వలేమంటున్నారు

ప్రశ్న: మా బాబుకు ఐదేళ్లు. మూడో ఏట ఆటిజం అని తేలింది. హెల్త్ పాలసీలో వాడి పేరు చేర్చమంటే, ‘ఇలాంటి పిల్లలకు కుదరదండీ’ అని ఏజెంటు ఫోన్లోనే తేల్చేశాడు. ఇంకో ఏజెంటేమో ఆటిజం సంగతి ఫారంలో రాయొద్దంటున్నాడు. మావారి ఆఫీసు గ్రూప్ పాలసీకి స్పీచ్ థెరపీ బిల్లులు పెడితే తిప్పి పంపారు. ఏం చేయాలి?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు ఆ రెండో ఏజెంటు మాట చెవిన పెట్టకండి. రేపు డెంగీతో బాబును ఆస్పత్రిలో చేర్చినా, కేసు షీటులో ఆటిజం అన్న మాట కనబడితే చాలు, విషయం దాచారంటూ క్లెయిమే కాదు, పాలసీనే రద్దు చేసే ప్రమాదం ఉంది. అప్పుడు ఆ ఏజెంటు ఫోనెత్తడు.

ఇక మొదటి ఏజెంటు ‘కుదరదు’ అన్నదానికి చట్టంలో విలువ లేదు. ప్రపోజల్ ఫారంలో ఉన్నదున్నట్టు రాసి, కంపెనీకే ఇవ్వండి. కాదంటే కారణం రాసి ఇమ్మనండి. కాగితం చేతిలో లేకుండా పోట్లాడలేం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. చక్రాల కుర్చీ వాడే ఒకాయనకు పాలసీ నిరాకరించిన కేసులో ఢిల్లీ హైకోర్టు 2022 డిసెంబర్‌లో గట్టిగా స్పందించింది. ఆ తర్వాత 2023 ఫిబ్రవరి 27న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ సర్క్యులర్ ఇచ్చింది. ఆరోగ్య బీమా అమ్మే ప్రతి సాధారణ బీమా కంపెనీ వికలాంగుల కోసం ఒక పాలసీ పెట్టి తీరాలన్నది దాని సారాంశం. మీ దరఖాస్తులో ఆ సర్క్యులర్ తేదీ రాయండి. చాలామంది, మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలనే మానసిక ఆరోగ్య చట్టాన్ని పట్టుకుంటారు. ఆటిజం దాని కిందికి వస్తుందా రాదా అన్న తగవులో పడటం కన్నా వికలాంగుల చట్టం మీద నిలబడటమే మేలని నా అభిప్రాయం.

పాలసీ వచ్చినా ప్రీమియం ఎక్కువ పడొచ్చు. ముందే ఉన్న జబ్బు పేరుతో వెయిటింగ్ పీరియడ్ (ఆ జబ్బుకు క్లెయిమ్ ఇవ్వని గడువు) పెట్టొచ్చు, కానీ అది 36 నెలలు దాటకూడదు.

థెరపీ బిల్లుల సంగతి వేరు. మన పాలసీల్లో ఎక్కువ భాగం ఆస్పత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. వారానికి మూడు రోజులు వెళ్లొచ్చే థెరపీ ఓపీ ఖర్చు, అంటే ఆస్పత్రిలో చేరకుండా అయ్యే ఖర్చు. మీవారి గ్రూప్ పాలసీలో ఓపీ కవర్ లేకపోతే, ఆ బిల్లుల మీద కేసు వేసినా నిలవడం కష్టం. దానికి ఆశ పెట్టలేను. ఉంటే మాత్రం వదలకండి.

థెరపీకి నేను చెప్పేది ‘నిరామయ’. ఆటిజం వంటి వైకల్యాలున్నవారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ నడిపే ఈ పథకంలో ఏడాదికి లక్ష రూపాయల దాకా బీమా. ఓపీ, థెరపీలు కూడా అందులో ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో పరిమితి. ముందస్తు వైద్య పరీక్షలు లేవు. చేరడానికి ఫీజు పేద కుటుంబాలకు 250, మిగతావారికి 500 రూపాయలు. ట్రస్ట్ దగ్గర నమోదైన సంస్థ ద్వారా చేరాలి. సర్టిఫికెట్ లేనిదే ఇందులో పని జరగదు కాబట్టి, సదరం క్యాంపుకు వెళ్లి బాబుకు వైకల్య ధ్రువపత్రం తీసుకోవడం మీ మొదటి పని. ఆ పరిమితిలో వచ్చే డబ్బు థెరపీకి ఎంత కాలం సరిపోతుందో మీకు నాకన్నా బాగా తెలుసు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని మేధో వైకల్యాలున్నవారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీలోనూ ఒకసారి కనుక్కోండి.

కంపెనీ తీరు అన్యాయం అనిపిస్తే, ముందు దాని గ్రీవెన్స్ (ఫిర్యాదుల) అధికారికి రాయండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లో బీమా తగవులు తీర్చే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోగా ఫిర్యాదు చేయొచ్చు. ఫీజు లేదు, అక్కడ వకీలుకు ప్రవేశమూ లేదు. మా వకీళ్లకది నచ్చదనుకోండి! థెరపిస్టు రిజిస్ట్రేషన్ నంబరున్న రసీదులు, డాక్టరు రాసిన చీటీ అసలు ప్రతులు ఇవాళ్టి నుంచే ఒక ఫైల్లో పెట్టండి.