పాప మోచేతి మడతల్లో ఆ దురద ఎందుకు?

ప్రశ్న: డాక్టరమ్మ గారూ, మాది పర్లాకిమిడి. మా పాపకి ఐదేళ్లు. రెండేళ్ల నుంచి మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక ఎర్రగా పొక్కుతోంది. రాత్రంతా గోక్కుంటుంది, తెల్లారేసరికి దుప్పటి మీద రక్తపు మరకలు. మామగారు తామర అంటారు. పక్కింటి మౌసి ఆవనూనె రాయమంటే రాశాను, మంటెత్తి ఏడ్చింది. మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే మూడు రోజుల్లో తగ్గింది, ఆపగానే రెట్టింపై తిరిగొచ్చింది. గుడ్డు, చేప, వంకాయ, వేరుశనగ అన్నీ మాన్పించాం. పిల్ల చిక్కిపోతోంది. అసలిది ఎందుకొస్తుంది? మళ్లీ రాకుండా చేసే మందుందా? కొత్త ఇంజెక్షన్ వచ్చిందని టీవీలో చూశాం, నిజమేనా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతుంటే మా తమ్ముడే గుర్తొచ్చాడు. మాది గుణుపురం. నాలుగేళ్ల వయసులో వాడికీ సరిగ్గా ఆ చోట్లలోనే వచ్చింది. మా అమ్మ వాడి చేతులకి పాత చొక్కా గుడ్డ చుట్టి పడుకోబెట్టేది. చిన్న రైలెక్కించి మీ పర్లాకిమిడికే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లేవాళ్లు. ఆయన రాసిచ్చిన పథ్యం మూరెడు పొడుగు. పప్పు, గుడ్డు, చేప, వంకాయ ఏవీ పెట్టకూడదు. ఏడాదిపాటు చారన్నం తిని వాడు పుల్లలా అయిపోయాడు, దురద మాత్రం దురదే. నేను చర్మవైద్యం చదవడానికి కారణం వాడే. అందుకే పథ్యం మాటే ముందు ఎత్తుకుంటున్నాను.

అంతకన్నా ముందు జబ్బు పేరు. చూడకుండా గట్టిగా చెప్పకూడదు గానీ, మీరు రాసిన చోట్లు, వయసు, వచ్చిపోయే తీరు చూస్తే ఇది ఎగ్జిమా, పూర్తి పేరు అటోపిక్ డెర్మటైటిస్, అనిపిస్తోంది. తామర ఫంగస్ వల్ల వస్తుంది. గుండ్రంగా, అంచులు ఉబ్బి, నడుమ తేటపడుతూ పాకుతుంది. గజ్జి పురుగు వల్ల వస్తుంది. వేళ్ల సందుల్లో మొదలై ఇంట్లో అందరినీ గోకిస్తుంది. ఎగ్జిమా ఎవరికీ అంటదు. పాపని పక్కలోంచి వేరు చేసి ఉంటే ఈ రాత్రే మళ్లీ మీ పక్కన పడుకోబెట్టుకోండి.

ఎందుకొస్తుందంటారా? మా చిన్నప్పుడు 'రక్తం చెడింది', 'ఒంట్లో వేడి' అనేవారు. చాలాకాలం డాక్టర్లు కూడా దీన్ని లోపలి అలర్జీ బయటికి పొంగడంగానే చూశారు. 2006లో స్కాట్లాండులోని డండీ విశ్వవిద్యాలయంలో ఇర్విన్ మెక్లీన్ బృందం ఫిలాగ్రిన్ అనే జన్యువులో లోపాలకీ ఎగ్జిమాకీ ముడి ఉందని చూపించింది. ఫిలాగ్రిన్ చర్మం పైపొరని బిగించి, అందులో తడిని నిలిపే ప్రోటీను. మన పల్లెల్లో మట్టిగోడని అలకకుండా వదిలేస్తే ఏమవుతుంది? బీటలు తీస్తుంది, చీమలు దూరతాయి. చర్మమూ అంతే. తడి బయటికి పోతుంది, దుమ్ము, సబ్బు, సూక్ష్మక్రిములు లోపలికి దిగుతాయి. అప్పుడు ఒంట్లోని రక్షణ కణాలు ఎగసిపడి ఇంటర్‌ల్యూకిన్ 4, 13, 31 అనే సంకేతాలు పంపుతాయి. వాపూ దురదా వాటివల్లే. గోకితే గోడ ఇంకా చిల్లులు పడుతుంది, దురద ఇంకా పెరుగుతుంది. ఆ జన్యులోపం అందరు రోగుల్లోనూ ఉండదు. కొందరిలో రక్షణ కణాల దూకుడే ముందు మొదలవుతుంది. ఏ దారిన వచ్చినా పైపొర దెబ్బతినడం మాత్రం తప్పదు. మీరు పెట్టిన తిండి వల్ల ఇది రాలేదమ్మా, ఆ బాధ మనసులోంచి తీసేయండి.

ఇప్పుడు తిండి. 2015లో లండన్‌లో గిడియన్ లాక్ బృందం 640 మంది పసివాళ్ల మీద చేసిన లీప్ పరిశోధన ఫలితం వచ్చింది. వాళ్లంతా తీవ్రమైన ఎగ్జిమా గానీ, గుడ్డు అలర్జీ గానీ ఉన్నవాళ్లు. సగంమందికి వేరుశనగ చిన్నప్పటి నుంచే తినిపించారు, సగంమందికి పూర్తిగా ఆపారు. ఐదేళ్లు వచ్చేసరికి వేరుశనగ అలర్జీ ఎక్కువగా వచ్చింది మాన్పించిన పిల్లలకే! చీలిన చర్మం గుండా ఒంట్లో చేరిన పదార్థాన్ని శరీరం శత్రువు అనుకుంటుందని, నోటి గుండా చేరినదానికి అలవాటు పడుతుందని దీని వెనకున్న ఆలోచన. మా తమ్ముడి కంచంలోంచి తీసేసిన ప్రతి ముద్దా నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అలాగని రేపే గుడ్డు పెట్టేయకండి. చాలాకాలం ఆపిన పదార్థం మళ్లీ మొదలుపెట్టినప్పుడు కొందరు పిల్లల్లో తీవ్రమైన అలర్జీ రావచ్చు. ఏది తిన్నాక గంటా రెండు గంటల్లో దద్దుర్లు, వాంతి, మూతి వాపు వచ్చాయో రాసిపెట్టుకుని డాక్టరుకి చూపించండి. అలాంటివి ఎన్నడూ రాకపోతే ఒక్కొక్కటిగా తిరిగి పెట్టమనే చెబుతారు.

మౌసి మంచి మనసుతోనే చెప్పింది. ఒడియా ఇళ్లలో పసిపిల్లకి ఆవనూనె మర్దన చేయనిదే స్నానం లేదు. కానీ ఎలుకల చర్మం మీద పోల్చి చూసినప్పుడు ఆవనూనె ఇందాక చెప్పిన చర్మపు గోడని కోలుకోనివ్వలేదు, పొద్దుతిరుగుడు నూనె కోలుకోవడానికి సాయపడింది. స్వచ్ఛమైన కొబ్బరినూనెని మనీలాలో 117 మంది ఎగ్జిమా పిల్లల మీద ఎనిమిది వారాలు పరీక్షిస్తే మినరల్ ఆయిల్ కన్నా మెరుగ్గా పనిచేసింది. మీ ఇంట్లో కొబ్బరినూనె ఉంటే వాడండి.

నాకు బాగా నచ్చినవి 'లాభం లేదు' అని తేల్చిన పరిశోధనలు. బ్రిటన్‌లో 300 మంది పిల్లలకి ఖరీదైన పట్టు లోదుస్తులు తొడిగి చూశారు, ఒరిగిందేమీ లేదు. స్నానం నీళ్లలో కలిపే తైలాలూ అంతే. క్రీము, లోషను, జెల్, ఆయింట్‌మెంట్ అనే నాలుగు రకాల మాయిశ్చరైజర్లని 550 మంది పిల్లల మీద పోలిస్తే ఏదీ మరొకదాన్ని మించలేదు. దీనర్థం ఏమిటంటే, మీ పాప ఒంటికి పడేదీ, మీ చేతికి అందేదీ ఏదైనా సరే. తెల్లటి పెట్రోలియం జెల్లీ డబ్బా చాలు. కాకపోతే పసుపు బొట్టంత రాసి ఊరుకోకూడదు. స్నానం చేయించి, తడి అద్ది, వెంటనే ఒళ్లంతా దండిగా పట్టించాలి. వారానికి పావుకిలో ఖర్చయినా ఆశ్చర్యపోకండి. ఒక్క జాగ్రత్త: జిడ్డు పట్టిన గౌను తొందరగా అంటుకుంటుంది, పొయ్యి దగ్గరికీ దీపం దగ్గరికీ పాపని రానివ్వకండి.

ఇక ఆ ట్యూబు. ఇక్కడ నాకు కోపం వస్తుంది. మన రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి షాపుల్లో దురద అనగానే చేతిలో పెట్టే ట్యూబుల్లో చాలావాటిలో క్లోబెటాసోల్ వంటి అతి బలమైన స్టెరాయిడ్ (వాపుని అణిచే మందు), ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిసి ఉంటాయి. చీటీ లేకుండా ఇలాంటివి అమ్మకుండా 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధన బిగించింది. అయినా అమ్ముతూనే ఉన్నారు. పసి చర్మం మీద నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి చారలు పడుతుంది.

ఆ భయంతో స్టెరాయిడ్ మాటే వద్దనుకోవడం ఇంకో తప్పు. 1952 నుంచి వాడుకలో ఉన్న మందు ఇది. పిల్ల వయసుకి తగిన బలంలో, సరిపడా, సరైన రోజులు రాస్తే మంట ఆరుతుంది. పెద్దవాళ్ల చూపుడువేలి కొన నుంచి మొదటి గీత దాకా పిండితే అరగ్రాము. అది, వేళ్లతో కలిపి, పెద్దవాళ్ల రెండు అరచేతులంత చోటుకి సరిపోతుంది. తగ్గాక కూడా ఎప్పుడూ పొక్కే చోట్ల వారానికి రెండు రోజులు రాయిస్తే తిరగబెట్టడం తగ్గుతుంది. మీ పాపకి రెట్టింపై తిరిగొచ్చిందన్నారే, బలమైన మందు ఒక్కసారిగా ఆపినందుకూ, మధ్యలో మాయిశ్చరైజర్ లేనందుకూ అయి ఉంటుంది. ముఖానికి, మడతలకి స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్ ఉంది, రెండేళ్లు దాటిన పిల్లలకి 0.03 శాతం.

ఇంజెక్షన్ సంగతి నిజమే. దాని పేరు డుపిలుమాబ్. ఇందాక చెప్పిన ఇంటర్‌ల్యూకిన్ 4, 13 సంకేతాలని అడ్డుకుంటుంది. 2016లో వెలువడిన రెండు పరీక్షల్లో, 16 వారాలకి చర్మం దాదాపు శుభ్రపడినవాళ్లు నూటికి 36 నుంచి 38 మంది. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో 8 నుంచి 10 మంది. 2017లో అమెరికాలో పెద్దవాళ్లకీ, 2022లో ఆరు నెలలు దాటిన పసివాళ్లకీ అనుమతిచ్చారు. మంచి మందే, కానీ ఆపితే జబ్బు తిరిగి రావచ్చు, ధర మనలాంటి ఇళ్లు మోయలేనిది. దానికన్నా నాకు ఆశ కలిగించింది 2023లో వచ్చిన ట్రీట్ పరిశోధన. రక్షణ కణాల దూకుడుని తగ్గించే రెండు మాత్రల మందుల్ని పోల్చారు. తీవ్రమైన ఎగ్జిమా ఉన్న 103 మంది పిల్లల్లో సైక్లోస్పోరిన్ తొందరగా పనిచేసింది, చవకైన మెథోట్రెక్సేట్ నిదానంగా మొదలైనా మందు ఆపాక కూడా ఎక్కువకాలం నిలబెట్టింది. రక్తపరీక్షలు చేయిస్తూ ఇవ్వాల్సిన మందు అది. మీ పాపకి అంతదూరం వెళ్లే అవసరం రాదనే అనుకుంటున్నాను.

శాశ్వతంగా పోగొట్టే మందు ఈరోజుకి లేదమ్మా. అయితే చాలామంది పిల్లల్లో ఎదిగేకొద్దీ అదే నెమ్మదిస్తుంది. మా తమ్ముడు ఇప్పుడు జేపూరులో లెక్కల మాస్టారు. చలికాలం వస్తే వాడి బల్ల మీద సుద్దముక్కల పక్కన జెల్లీ డబ్బా ఉంటుంది.

ఎర్రటి చోట్ల మీద గుత్తులుగా నీటిపొక్కులు లేచి, జ్వరం వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకండి. అది హెర్పిస్ వైరస్ పని కావచ్చు, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. లేదంటే ఈ వారంలోనే బరంపురం మెడికల్ కాలేజీ చర్మ విభాగంలోనో, మీకు దగ్గర్లో ఉన్న చర్మ నిపుణుల దగ్గరో చూపించండి. వెళ్లేటప్పుడు ఆ షాపు ట్యూబుని పారేయకుండా సంచిలో వేసుకెళ్లండి, దాని మీద రాసి ఉన్న పేర్లు వాళ్లకి కావాలి.