టికెట్ కొనేముందే లెక్క చూసుకో

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

విమాన టికెట్ కొనేటప్పుడు చివర్లో కార్బన్ భారం తీర్చుకోమంటూ ఒక గడి కనిపించిందని, అక్కడ కాస్త డబ్బు కట్టేస్తే సరిపోతుందా అని అడిగావు. నీకు ఆ పట్టింపు ఉన్నందుకు సంతోషం. అయితే తొందరపడి టిక్ పెట్టకు.

ముందు నీ వాటా ఎంతో తేల్చుకో. ఒక కిలో విమాన ఇంధనం మండితే సుమారు 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఐకావో, అంటే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ వాళ్ల కాలిక్యులేటర్ ఉచితమే. ఎక్కడి నుంచి ఎక్కడికో, ఏ తరగతిలోనో చెబితే అంకె ఇస్తుంది. అందులో వచ్చేది కార్బన్ డయాక్సైడ్ లెక్క మాత్రమే. విమానం వెనక ఆకాశంలో పరుచుకునే తెల్లటి చారలు కూడా భూమి వేడిని బయటికి పోనివ్వవు. అందుకే వచ్చిన అంకెను రెట్టింపు చేసుకోమంటాను.

తగ్గించుకోగలిగినది ఇక్కడే తగ్గించుకో. బిజినెస్ క్లాస్ సీటుకు జాగా ఎక్కువ కాబట్టి దూర ప్రయాణాల్లో దాని వాటా ఎకానమీకి రెండు మూడింతలు ఉంటుంది. టేకాఫ్‌కు ఇంధనం బాగా ఖర్చవుతుంది, వీలైతే మధ్యలో దిగకుండా నేరుగా వెళ్లే విమానమే చూసుకో. రెండు పనులు ఒకే ప్రయాణంలో కలుస్తాయేమో కూడా ఆలోచించు.

మిగిలినదానికి కార్బన్ క్రెడిట్ కొను. ఒక క్రెడిట్ అంటే, మరోచోట ఏదో ఒక పని వల్ల ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ తగ్గినట్టు లెక్క. అసలు జాగ్రత్తంతా ఇక్కడే కావాలి. మన డబ్బు అందకపోయినా ఆ పని జరిగేదేనా అని మొదట అడుగు. ఎలాగూ లాభం వస్తుందని కట్టేసిన గాలిమరకు నువ్వు డబ్బిస్తే గాలిలో తగ్గేదేమీ ఉండదు. ఇక అడవుల సంగతి. 2021లో అమెరికాలోని ఒరెగాన్‌లో వచ్చిన బూట్‌లెగ్ కార్చిచ్చు, క్రెడిట్ల కింద లెక్కగట్టిన అడవిని కూడా కాల్చేసింది. ఇలాంటి నష్టాల కోసం కొన్ని క్రెడిట్లు అమ్మకుండా పక్కన పెడతారు, నిజమే. అయినా విమానం కొన్ని గంటల్లో వదిలినదాన్ని పీల్చుకోవడానికి చెట్టుకు దశాబ్దాలు పడుతుంది, అన్నేళ్లూ అది నిలబడాలి. చెట్లు నాటడం నాకెంతో ఇష్టం, కానీ చెట్ల ఫొటో చూసి మాత్రం డబ్బు కట్టకు.

క్రెడిట్లను పరిశీలించి ముద్ర వేసే గోల్డ్ స్టాండర్డ్, వెర్రా లాంటి సంస్థల రిజిస్ట్రీల్లో ప్రతి క్రెడిట్‌కూ సీరియల్ నంబర్ ఉంటుంది. నువ్వు కొన్నది మళ్లీ ఎవరికీ అమ్మకుండా "రిటైర్" చేశారో లేదో ఆ నంబర్‌తో చూడవచ్చు. నంబర్ ఇవ్వమంటే నసిగేవాళ్ల దగ్గర కొనకు. ముద్ర పడినంత మాత్రాన అన్నీ మంచివని కాదు, ప్రాజెక్టు పత్రం కూడా తెరిచి చదువు.

మరీ చవకగా దొరికేదాన్ని నేనైతే నమ్మను. పది టన్నులు చవకగా కొనేకంటే, నమ్మకమైనవి రెండు టన్నులు కొని, మిగతా భారం ఇంకా నామీదే ఉందనుకోవడం నయం.

టికెట్ ఖాయం చేసేముందు మార్గం, తరగతి రాసి పంపు. లెక్క ఇద్దరం కలిసి చూద్దాం.

ఇట్లు,
నీ పెదనాన్న