అంబాసిడర్ కొన్న అల్లుడికి

విజయవాడ

అల్లుడూ,

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. మీ అత్తకి కూడా చూపించాను. రంగు చూసి "పెళ్లిచూపులకి మనం వెళ్లిన కారులాగే ఉంది" అని మురిసిపోయింది. 1984 మార్క్ 4, పెట్రోలు బండి, ఎనిమిదేళ్లు షెడ్డులో నిలబడినా సెల్ఫ్ కొట్టగానే అందుకుందని రాశావు. సంతోషం. కానీ "ఖమ్మం నుంచి హైదరాబాదు దాకా నేనే నడుపుకుంటూ వచ్చేశాను మామయ్యా" అన్న ముక్క దగ్గర నాకు గుండె జారింది. దగ్గర దగ్గర 200 కిలోమీటర్లు! ఆ ఇంజన్ మొండిది. ఎన్నేళ్లు పడేసినా నాలుగు ప్లగ్గులు తుడిచి పెట్రోలు పోస్తే లేస్తుంది. బ్రేకులు అలా కాదు. నిలబడ్డ బండిలో ముందు పాడయ్యేవి అవే. అవి పాడయ్యాయని పైకి తెలియదు కూడా.

కాబట్టి కార్బురేటర్, మ్యూజిక్ సిస్టమ్, క్రోమ్ బంపరు అన్నీ పక్కన పెట్టు. బ్రేకుల పని అయ్యేదాకా బండి గేటు దాటకూడదు.

ఇంజన్ ఆపేసి, సీట్లో కూర్చుని, పెడల్‌ని గట్టిగా తొక్కి ఒక నిమిషం అలాగే పట్టు. మెల్లగా కిందికి దిగిపోతుంటే, బయట ఎక్కడా తడి లేకపోతే, మాస్టర్ సిలిండర్ (తొక్కగానే బ్రేక్ ఆయిల్‌ని పైపుల్లోకి తోసేది) లోపలి రబ్బరు పోయినట్టు. స్పాంజిలా మెత్తగా ఉంటే లైనులో గాలి ఉంది. రెండు మూడుసార్లు పంపింగ్ చేస్తేగానీ పట్టడం లేదంటే చక్రంతో తిరిగే డ్రమ్ముకీ, దాన్ని లోపల్నించి ఒత్తి ఆపే షూలకీ మధ్య సందు పెరిగి ఉంటుంది, లేదా అదీ గాలే. పెడల్ రాయిలా ఉండి కూడా బండి ఆగడం లేదంటే షూల మీద ఆయిల్ పడి ఉండాలి, లేదా చక్రం దగ్గరి సిలిండర్లో పిస్టన్ పట్టేసి ఉండాలి. ఒక్క మాట. నీ కొత్త కారులా కాలి వేలితో తాకితే ఆగే బండి కాదిది. దీనికి బూస్టర్, అంటే కాలి బలాన్ని పెంచే ఏర్పాటు, లేదు. తొక్కాలి. ఆ తొక్కుడు అలవాటు కాక "బ్రేకులు లేవు" అని నా షెడ్డుకి బండి తెచ్చినవాళ్లు బోలెడుమంది.

ఇంకో సంగతి. నువ్వు పంపిన ఫొటోలో మాస్టర్ సిలిండర్ నుంచి ఒకటే పైపు బయటికి వస్తోంది. అంటే నాలుగు చక్రాలకీ ఒకటే లైను. ఇప్పటి కార్లలో రెండు లైన్లుంటాయి, ఒకటి తెగినా రెండోది ఎంతో కొంత ఆపుతుంది. నీకు ఆ అవకాశం లేదు. ఎక్కడ ఒక్క పైపు చిట్లినా నాలుగు చక్రాలూ ఒకేసారి వదిలేస్తాయి. మిగిలేది హ్యాండ్ బ్రేకు, అదీ వెనక చక్రాలకే. అందుకని హ్యాండ్ బ్రేకు కేబుల్‌ని పార్కింగ్ కోసమే కదా అని వదిలెయ్యకు.

ఇక డ్రమ్ములు విప్పు. జాకీ ఒక్కదాన్నే నమ్మకు, కింద స్టాండ్లు పెట్టు. ఇటుకలు వద్దు, పగులుతాయి. డ్రమ్ము ఊడగానే కుర్రాళ్లు ఎయిర్ గన్‌తో ధూళి ఊదేస్తారు, ఊదనివ్వకు. ఆ కాలపు షూల మీది లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఆ ధూళి పీల్చకూడదు. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారెయ్యి. మేం ముప్పై ఏళ్లు ఊదాం, అది వేరే సంగతి.

ముందు చక్రాల్లో ఒక్కోదానికి రెండేసి సిలిండర్లు కనిపిస్తాయి. బండి ముందుకి వెళ్లేటప్పుడు డ్రమ్ము తిరుగుడే రెండు షూలనీ తనవైపు లాక్కునేలా చేసిన ఏర్పాటు అది. కుడివైపు సరంజామా ఎడమకీ, ఎడమది కుడికీ బిగిస్తే అన్నీ చక్కగా పట్టినట్టే ఉంటాయి, లైనులోని గాలి కూడా పోతుంది, కానీ బండి ముందుకి పోతుంటే బ్రేకు సగం కూడా పట్టదు. రివర్సులో మాత్రం బ్రహ్మాండంగా ఆగుతుంది! విప్పేముందు ప్రతి చక్రానికీ ఫొటో తీసుకో. మా రోజుల్లో సుద్దముక్కతో గుర్తులు పెట్టేవాళ్లం.

సిలిండర్ లోపల వేలు పెట్టి చూడు. బ్రేక్ ఆయిల్ గాలిలో తడిని పీల్చుకుంటుంది. ఎనిమిది వానాకాలాల తడి అక్కడ చేరి తుప్పు పట్టి, గుంటలు పడి ఉంటాయి. అలాంటి దాంట్లో కొత్త రబ్బరు కిట్టు వేస్తే రెండు నెలల్లో మళ్లీ కారుతుంది. సిలిండర్ మార్చు. దొరక్కపోతే లేత్ మీద బోరు చేయించి స్లీవు వేయించు. ఆటోనగర్‌లో ఆ పని చక్కగా చేసేవాళ్లు ఇంకా ఉన్నారు. వెనక డ్రమ్ముల్లో తడి కనిపిస్తే వేలికి రాసుకుని చూడు. చిక్కగా, గంధకం వాసన వస్తే అది బ్రేక్ ఆయిల్ కాదు, ఇరుసులోని గేర్ ఆయిల్. ఆయిల్ సీల్ మార్చకుండా షూలు మార్చడం దండగ. ఆయిల్ తాగిన లైనింగుని పెట్రోలుతో కడిగి ఎండబెట్టి వాడొచ్చని ఎవరైనా చెప్తారు. వినకు. వేడెక్కగానే లోపలి ఆయిల్ మళ్లీ పైకి వస్తుంది.

మూడు రబ్బరు హోస్ పైపులూ చూడకుండానే మార్చెయ్. అవి లోపల ఉబ్బిపోయి ఉంటాయి. తొక్కినప్పుడు ఆయిల్ వెళ్తుంది, వదిలినప్పుడు వెనక్కి రాదు. చక్రం పట్టేసి డ్రమ్ము కాలిపోతుంటే జనం షూల్ని తిడతారు.

ఇప్పుడు నువ్వు అడిగిన ప్రశ్నకి వస్తాను. వేరే బండి సామాన్లు దీనికి పడతాయా అని.

పడతాయి, చాలానే పడతాయి. మన అంబాసిడర్ ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కూతురు. 1950ల చివర్లో పశ్చిమ బెంగాల్ ఉత్తర్‌పాడాలో మొదలై 2014 దాకా తయారైంది. అన్నేళ్లలో పైపైన మారింది గానీ ఎముకలు అవే. నీ 1489 సీసీ ఇంజన్ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల బి-సిరీస్. ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారు కూడా మొదట అదే 1489 సీసీతో వచ్చింది. అందుకే ఇంగ్లండ్‌లో పాత కార్ల సామాన్లు అమ్మేవాళ్ల దగ్గర ఈ ఇంజన్ గాస్కెట్లు, వాల్వులు ఇంకా దొరుకుతాయి. మీ పెద్దమ్మ కొడుకు బర్మింగ్‌హామ్ నుంచి వచ్చేటప్పుడు మన పాత ముక్క కొలతలు పంపి తెప్పించుకోవచ్చు. అంబాసిడర్ కంపెనీ వాళ్లదే కాంటెస్సా కారు కూడా మొదట్లో ఇదే ఇంజన్‌తో వచ్చింది, ఇసుజు 1800 ఇంజన్ తరవాత సంగతి. కార్బురేటర్, డిస్ట్రిబ్యూటర్, డైనమో తీసి ఆల్టర్నేటర్, ఇలాంటివి మార్చుకుని చూడు, కుదరకపోతే బండి ఆగిపోతుంది, అంతే కదా. తోసుకుంటూ ఇంటికొస్తావు. చెన్నై పుదుపేట, కోల్‌కతా మల్లిక్ బజార్, ఢిల్లీ మాయాపురి, ఎక్కడైనా తుక్కులో వెతుకు, నాకు అభ్యంతరం లేదు.

బ్రేకుల్లో మాత్రం "పట్టింది" అనే మాటకి విలువ లేదు. నా చేతులతో నేను చేసిన తప్పు చెప్తాను, మీ అత్తకి కూడా పూర్తిగా చెప్పలేదు. షెడ్డు పెట్టిన మూడో ఏడు. ఒక అంబాసిడర్‌కి వెనక బ్రేకు పైపు తుప్పు పట్టింది. దసరా రోజులు, కొట్లు మూసి ఉన్నాయి, పార్టీ తొందర పెడుతున్నాడు. వేరే బండిది పైపు ఒకటి పడి ఉంటే వంచి పెట్టాను. నట్టు మర మొదట కొంచెం బిగువుగా ఎక్కింది, తరవాత సాఫీగా పట్టింది. తొక్కి చూశాను, ఎక్కడా చుక్క కారలేదు. ట్రయల్‌కి ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు ఎక్కాను. దిగేటప్పుడు మలుపులో పెడల్ నేలకి అంటుకుపోయింది. ఫస్టు గేరులోకి లాగి, హ్యాండ్ బ్రేకు పట్టుకుని, ఎడమపక్క గోడకి రాసుకుంటూ ఆపాను. రెండు తలుపులు పోయాయి. నా మీద దేవుడి దయ, ఆ మలుపులో మనుషుల్లేరు.

తప్పు ఎక్కడంటే, మన బండివి ఇంచీ మరలు. అక్కడ నట్టు 3/8 అంగుళం, అంటే 9.5 మిల్లీమీటర్లు, అంగుళానికి 24 చుట్లు. నేను పెట్టింది 10 మిల్లీమీటర్లది, చుట్టుకి ఒక మిల్లీమీటరు. రెండూ కంటికి ఒకేలా ఉంటాయి. బలవంతంగా ఎక్కిస్తే మర కోసుకుంటూ ఎక్కుతుంది, గట్టిగా తొక్కిన రోజున ఊడి వస్తుంది. పైపు చివర గరాటులా వెడల్పు చేసిన ఆకారం కూడా బండికీ బండికీ తేడా. అందుకే వేలితో మూడు చుట్లు తిరగని నట్టుని పానాతో తిప్పకు. ఆ పానాలు కూడా ఇంచీవే కొను. అర అంగుళం నట్టు 12.7 మిల్లీమీటర్లు, దానికి 13 పానా వేస్తే మూలలు అరిగి గుండ్రంగా తయారవుతుంది.

వీల్ సిలిండర్ లావు ఇంకో ఉచ్చు. ఏడు నూళ్ల (నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు) సిలిండర్ ఉండాల్సిన చోట అంగుళంది, అంటే ఎనిమిది నూళ్లది, పెట్టారనుకో. ఒక్క నూలే కదా అనిపిస్తుంది. కానీ ఒత్తిడి పనిచేసే వైశాల్యం సుమారు 30 శాతం పెరుగుతుంది. వెనక అలా పెడితే తడిరోడ్డు మీద వెనక చక్రాలు ముందే పట్టేసి బండి తిరిగిపోతుంది. ఒక పక్కే పెడితే ఆ పక్కకి లాగుతుంది. పాతదాని మీద ఉన్న కొలత చూసి అదే కొను, అదీ జతగా కొను. నీ బండిలో ఇప్పుడున్నవి సరైనవేనని కూడా అనుకోకు. నలభై ఏళ్లలో ఎంతమంది మేస్త్రీలు ఏం బిగించారో ఎవరికెరుక.

ముందు చక్రాలకి డిస్కులు పెట్టించాలని ఉందన్నావు. తరవాతి అంబాసిడర్లలో డిస్కులతో వచ్చినవి ఉన్నాయి, కాదనను. కానీ డిస్కుకి ఒత్తిడి ఎక్కువ కావాలి, ఆయిల్ కూడా ఎక్కువ తోయాలి. పైగా డ్రమ్ముల మాస్టర్ సిలిండర్లో లైనులో కొంచెం ఒత్తిడి నిలిపి ఉంచే వాల్వు ఉంటుంది. దాన్ని అలాగే ఉంచి డిస్కులు తగిలిస్తే ప్యాడ్లు రాసుకుంటూనే ఉంటాయి. మార్చితే మాస్టర్ సిలిండర్, బూస్టర్, హబ్బులు అన్నీ ఒకే బండి నుంచి సెట్టుగా మార్చాలి. నన్నడిగితే వద్దు. సరిగ్గా సెట్ చేసిన డ్రమ్ములు నీ వేగానికి చాలు. అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు మాత్రం ఎక్కిన గేరులోనే దిగు, బ్రేకు మీద కాలు వేసి కూర్చుంటే డ్రమ్ములు వేడెక్కి పట్టు వదిలేస్తాయి.

కాగితాల సంగతి కూడా గుర్తుంచుకో. 50 ఏళ్లు దాటిన బండికి 2021 నిబంధనల ప్రకారం వీఏ అక్షరాలతో వింటేజ్ నంబరు వస్తుంది. నీ బండికి 2034లో. ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు చేసి ఉంటే ఇవ్వరు. ఎవరో డీజిల్ ఇంజన్ పెట్టిస్తానంటే టెంప్ట్ అవ్వకు. ముందు భాగం బరువెక్కితే బ్రేకులకీ కష్టమే.

ఆయిల్ డాట్ 3 గానీ డాట్ 4 గానీ, సీల్ తీయని డబ్బా కొను. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తడి పట్టాక 155కే మరిగిపోవచ్చు. ఇంజన్ ఆయిలో, పవర్ స్టీరింగ్ ఆయిలో ఒక్క చుక్క కలిసినా రబ్బర్లన్నీ ఉబ్బుతాయి. లైనులో గాలి తీసేటప్పుడు వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టు, తరవాత వెనక కుడి, ముందు ఎడమ, చివర ముందు కుడి. అమ్మాయిని సీట్లో కూర్చోబెట్టు. "తొక్కు, పట్టు" అన్నాక ఆ చక్రం దగ్గర గాలి వదిలే నిపుల్ వదులు చెయ్, బిగించాకే "వదులు" అను. ఈ వరస తప్పితే గాలి మళ్లీ లోపలికి పోతుంది, ఇంట్లో గొడవ కూడా అవుతుంది. మాస్టర్ సిలిండర్ ట్యాంకులో బ్రేక్ ఆయిల్‌ని అడుగుకి రానివ్వకు. బయటికొచ్చిన ఆయిల్ తిరిగి పోయకు. రంగు మీద పడితే వెంటనే నీళ్లు కొట్టు, లేకపోతే మీ అత్త మెచ్చిన రంగు లేచిపోతుంది.

డ్రమ్ములు విప్పి నాలుగింటికీ ఫొటోలు పంపు, సిలిండర్ల మీద అంకెలు కనబడేలా తియ్యి. అవి చూసి ఏం కొనాలో రాసి పంపుతాను. వచ్చే ఆదివారం తరవాత నేనే వస్తాను. నా ఇంచీ పానాల సెట్టు తెస్తాను, మళ్లీ నాకు ఇచ్చెయ్యాలి.

మీ మామయ్య