డిలీట్ కొట్టినంక కుర్చీలకెల్లి లేవు

హన్మకొండ
శనివారం రాత్రి

చిన్నా,

పొద్దుగాల మీ అమ్మ ఫోన్ చేసింది. "అక్కా, వాడు రేపు రాత్రి స్టూడియో సర్వర్ ఖాళీ చేస్తడట, ఏమన్న అయితదా?" అని. ఏం ఖాళీ చేస్తడే అంటే తెల్వదు. పాత స్నాప్‌షాట్లట, అంటే ఒక్కో నాడు ఫైళ్లు ఎట్లుండెనో అట్లనే పట్టి ఉంచినయి, శ్రావణం పెండ్లిళ్లు ముంగటనే ఉన్నయట, డిస్క్‌ల జాగ లేదట. మొదలు సంబురమైంది. కరీంనగర్‌ల స్టూడియో నడుపుకుంట, సర్వర్ కూడ సొంతంగ పెట్టుకొని, దాంట్ల డిస్క్ మీద ఫైళ్లను సర్ది పెట్టే బీటీఆర్ఎఫ్ఎస్ వేసుకున్నడు నా చెల్లె కొడుకు అని పక్కింటామెకు గూడ చెప్పిన. ఆమెకేం అర్థం కాలే. తర్వాత పండుకుంటే నిద్ర రాలే. ఫోన్‌ల చెప్తే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అని పెట్టేస్తవు. అందుకే రాస్తున్న, పూర్తిగ చదువు.

స్నాప్‌షాట్ల జోలికి పోకముందు చెత్తబుట్ట చూడు. నీ ఎడిటర్ పిల్లలు డిలీట్ కొట్టిన పెండ్లి వీడియోలు అండ్లనే కూసొని ఉంటయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అన్ని మూసెయ్యమను. తెరిచి ఉన్న ఫైల్‌ను తీసేసినా, దాన్ని పట్టుకున్న ప్రోగ్రాం వదిలేదాంక జాగ రాదు.

ఇగ నీ ప్రశ్న. పోయిన ఎండకాలం పెండ్లిళ్లన్ని తీసేసిన, అయినా డిస్క్ ఎందుకు తగ్గలే అని అడిగినవట. మీ తాత ఎకరంనర పొలం యాదికి తెచ్చుకో. పహాణీల నలుగురి పేర్లుండె. ఒక పేరు కొట్టేస్తే పొలం ఖాళీ అయిందా? కడమ ముగ్గురు దున్నుకుంటనే ఉన్నరు గదా. ఇదీ గంతే. నువ్వు ఫైల్ తీసేసినవు, అంటే నీ పేరు కొట్టేసినవు. కాని ఆ డేటా మీద ముప్పై స్నాప్‌షాట్ల పేర్లున్నయి. ఆఖరి పేరు పోయిన నాడే ఆ జాగ నీది.

అందుకే 'ఫైల్‌సిస్టమ్ డీయూ' కమాండ్ కొడితే కనపడే ఎక్స్‌క్లూజివ్ అంకెను చూసి మోసపోకు. అది ఒక్క స్నాప్‌షాట్‌కే సొంతమైన జాగ. ఒకే పెండ్లి ముప్పైట్ల ఉంటే, ఆ పెండ్లి ఏ ఒక్క దాని లెక్కల పడదు. ఒక్కటి తీస్తే ఏం రాదు, ముప్పై తీస్తే ఒకేసారి వస్తది. ఏప్రిల్‌కెల్లి జూన్ దాంక ఆ ఫైళ్లున్న వరుస ఏదో కాయితం మీద రాసుకో, ఆ వరుసనే తియ్యి. అండ్ల కూడ ఒక్కటి ఉంచుకో అని నోటిదాంక వస్తది, కాని ఉంచితే జాగ రాదు. కాబట్టి ముందుగాల వేరే డిస్క్‌ల కాపీ పెట్టు, దాన్ని తెరిచి, ఒక వీడియో నడుమల నుంచి ఆడించి చూడు. ఎందుకింత చెప్తున్ననో విను. ఇది మీ అమ్మకు గూడ నేను చెప్పలే.

2016 ఎండకాలం. నేను పనిచేసిన కాలేజీల కంప్యూటర్ రూమ్ నా చేతిల ఉండె. ఒక టీబీ డిస్క్ 97 శాతం నిండింది. స్కాన్ చేసిన ఆన్సర్ షీట్లు ఒక నలభై జీబీ ఎక్కియ్యాలె, సాయంత్రం అయిదు లోపల. ప్రిన్సిపాల్ సార్ తలుపు కాడ నిలబడి "ఇంకెంతసేపు మేడం" అంటడు. కరెంటు పోయింది, యూపీఎస్ కుయ్ కుయ్‌మంటున్నది, ఫ్యాన్ లేదు, చెమట కీబోర్డు మీద పడుతున్నది. పది పాత స్నాప్‌షాట్లు డిలీట్ కొట్టిన. కమాండ్ చిటికెల తిరిగొచ్చింది. డిస్క్ ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ కమాండ్ కొట్టి చూసిన: 97. ఇంకో పది కొట్టిన. 97. ఇది పనిచేస్తలేదు అనుకున్న. చేతులు వణుకుతున్నయి, కొడుతనే ఉన్న. ఆఖరికి నిన్నటిదానితో సహా ఒక్కటి మిగలలే.

కమాండ్ తిరిగొచ్చిందంటే పేరు కొట్టేసిందని, జాగ ఇచ్చిందని కాదు. లోపల క్లీనర్ అని ఒకడుంటడు, వెనకాల కూసొని ఒక్కొక్క ముక్క లెక్క చూసి, ఇంకెవరికీ పని లేదనుకుంటేనే వదుల్తడు. దానికి తోడు ఏ డిపార్ట్‌మెంట్ ఎంత వాడుతున్నదో చూద్దామని కోటాలు ఆన్ చేసి పెట్టింది నేనే. కోటాలుంటే పాత లెక్కలన్ని మళ్ల సరిచూసుకుంట క్లీనర్ ఇంకా మెల్లగ నడుస్తడు. చాయ్ తాగొచ్చేసరికి డీఎఫ్ 61 చూపిస్తున్నది. షీట్లు ఎక్కినయి. ప్రిన్సిపాల్ సార్ శెభాష్ అన్నడు. ఆ నలభై జీబీకి మొదటి పదే సరిపోయేటియి.

నాలుగు రోజులకు తెలుగు డిపార్ట్‌మెంట్ సార్ వచ్చిండు. జనగామ దిక్కు ఊర్లల్ల తిరిగి ఒగ్గుకథ రికార్డు చేసుకున్నడు, పదకొండు గంటల ఆడియో. ముందటి వారం ఎవరో పిలగాడు ఆ ఫోల్డర్ తుడిచేసిండట. "మీ కాడ పాతయి ఉంటయన్నరు గదా మేడం" అన్నడు నవ్వుకుంట. నేనే అన్న, స్టాఫ్ మీటింగ్‌ల, గొప్పగ. రికార్డర్ కార్డు మీద అప్పటికే వేరేవి ఎక్కిచ్చిండు. కథ చెప్పిన ముసలాయన చలికాలమే పోయిండు. సార్ స్టూలు మీద కూసుండి కొంచెంసేపు స్క్రీన్ దిక్కు చూసి, "సరే మేడం" అని లేచిపోయిండు. తర్వాత రెండేండ్లు ఆయన ఎదురొస్తే నేను ఇంకో కారిడార్‌కెల్లి పోయిన.

స్నాప్‌షాట్ అదే డిస్క్ మీద ఉంటది బిడ్డా. డిస్క్ పోతే అదీ పోతది. దాన్ని బ్యాకప్ అని చెప్పి జనాన్ని నమ్మియ్యొద్దు. నువ్వు నీ కస్టమర్లకు ఏం చెప్తున్నవో నాకు తెల్వదు, కాని ఒక పెండ్లి రెండుసార్లు జరగది.

రేపు రాత్రి చెయ్యాల్సింది ఇదీ. కోటాలుంటే ముందు డిజేబుల్ చెయ్యి. 'ఫైల్‌సిస్టమ్ యూసేజ్' కొట్టి, వచ్చిన అంకెలు ఫోటో తీసుకో. అయిదో ఆరో స్నాప్‌షాట్లు డిలీట్ కొట్టు. కొట్టి 'సబ్‌వాల్యూమ్ సింక్' పెట్టి కుర్చీలకెల్లి లేవు. అది క్లీనర్ పని అయ్యేదాంక ఆగి, అప్పుడే తిరిగొస్తది. నడుమల కరెంటు పోయినా భయపడకు, డిస్క్ మళ్ల మౌంట్ అయి తెరుచుకున్నంక ఆపిన కాడికెల్లే మొదలుపెడ్తది. ఇన్వర్టర్‌ల నీళ్లు చూసుకున్నవా మరి?

ఆ తర్వాత కూడ జాగ లేదంటే అన్‌అలొకేటెడ్ చూడు, అంటే ఇంకా దేనికీ కేటాయించని జాగ. ఎనుమాములల మిర్చి బస్తాలు చూసినవు గదా. బీటీఆర్ఎఫ్ఎస్ కూడ డిస్క్‌ను గట్లనే బస్తాలు చేసుకుంటది, డేటా బస్తా ఒకటి మామూలుగ ఒక జీబీ. మిర్చి బస్తాల పత్తి నింపరు, డేటా బస్తాల మెటాడేటా, అంటే ఏ ఫైల్ ఎక్కడున్నదో రాసుకునే లెక్క, పట్టది. బస్తాలన్ని సగం సగం నిండి ఉంటే, డీఎఫ్ జాగ ఉన్నదన్నా మెటాడేటాకు కొత్త బస్తా దొరకక రాత ఆగిపోతది. పూర్తిగ ఖాళీ అయిన బస్తాను లినక్స్ కెర్నల్ 3.18 నుంచి తనే పక్కన పెడ్తది. సగం బస్తాలను కలిపి సర్దాలంటే బ్యాలెన్స్ కమాండ్ కావాలె. కాని డీయూసేజ్ 10 తోని, అంటే పది శాతం లోపల నిండిన బస్తాలే ఎత్తే ఫిల్టర్‌తోని, మొదలుపెట్టు, చాలకుంటే 20, 30. ఫిల్టర్ లేకుండ మొత్తం బ్యాలెన్స్ పెట్టినవనుకో, డిస్క్ అంతా ఎత్తి పోసుకుంట రోజులు గడుస్తయి, పెండ్లోళ్లు వచ్చి తలుపు కొడ్తరు. ఫైల్ ముక్కలను ఒక్కతాన సర్దే డీఫ్రాగ్ అసలే వద్దు. ఉమ్మడిగున్న ముక్కలను విడగొట్టి ఇంకా జాగ తింటది.

చిన్నప్పుడు మా ఇంటికొస్తే కాజీపేట స్టేషన్‌ల రైలు కదలకముందే దిగుతా దిగుతా అని ఏడ్చేటోనివి. కదిలిందో లేదో చూసే ఓపిక ఎన్నడు లేదు నీకు.

రేపు డిలీట్ కొట్టంగనే నాకు ఫోన్ చెయ్యి. పదకొండైనా పన్నెండైనా మేల్కొనే ఉంట. ఆ అంకె కదిలేదాంక మాట్లాడుకుందాం. మీ అమ్మ మోకాలు సంగతి కూడ అడిగేదున్నది.

మీ పెద్దమ్మ