గేమ్ తెరుచుకోకపోతే ముందు ఇంటెల్ డ్రైవర్ చూడండి

ఎన్విడియా డ్రైవర్ (గ్రాఫిక్స్ చిప్‌ని విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) ఎన్నిసార్లు వేసినా ల్యాప్‌టాప్‌లో గేమ్ ఓపెన్ కావట్లేదని, గ్రాఫిక్స్ కార్డ్ కనబడటం లేదని మెసేజ్ వస్తోందని, చిప్ పోయిందేమోనని అడిగారు. చిప్ పోయి ఉండదు. మా మేనల్లుడి ల్యాప్‌టాప్‌కి అచ్చం ఇదే వచ్చింది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

వాడు విజయవాడలో బీటెక్ చదువుతున్నాడు. జీటీఎక్స్ 1650 అనే ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డ్ ఉన్న ల్యాప్‌టాప్. ఏ గేమ్ క్లిక్ చేసినా ఒక్క క్షణం స్క్రీన్ నల్లబడి, మళ్లీ డెస్క్‌టాప్ వచ్చేసేది. ఒక షాపుకి తీసుకెళ్తే, కింద మూత కూడా విప్పకుండానే "చిప్ పోయింది, రీబాలింగ్ చేయాలి" (అంటే చిప్‌ని ఊడదీసి మళ్లీ సోల్డర్ చేయాలి) అన్నారట. అక్క టెన్షన్ పడి నాకు ఫోన్ చేసింది. పండక్కి వాడు ఇంటికొచ్చినప్పుడు ల్యాప్‌టాప్ తెరిచాను. స్క్రీన్ కళ్లలో పొడిచేంత వెలుగు.

"కాస్త తగ్గించరా" అన్నాను.

"తగ్గదు మామయ్యా, ఆ బ్రైట్‌నెస్ బార్ చాలా రోజులుగా పనిచేయట్లేదు."

నాకు కిటుకు అక్కడే దొరికింది, స్క్రీన్ వెలుగును నడిపేది ఇంటెల్ డ్రైవరే. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరిచి, డిస్‌ప్లే అడాప్టర్స్ కింద చూస్తే రెండు పేర్లున్నాయి. ఎన్విడియా బాగానే ఉంది. ఇంటెల్ ఉండాల్సిన చోట మాత్రం "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని ఉంది. అంటే ఇంటెల్ డ్రైవర్ అసలు లేదు, విండోస్ ఏదో బొమ్మ కనబడేలా మాత్రం నెట్టుకొస్తోంది.

చాలా ల్యాప్‌టాప్‌లలో స్క్రీన్ వైరు వెళ్లేది ఇంటెల్ చిప్‌కే. ఎన్విడియా వాళ్లు 2010లో తెచ్చిన ఆప్టిమస్ పద్ధతిలో పెద్ద చిప్, అంటే ఎన్విడియాది, బొమ్మ గీసి ఇంటెల్‌కి ఇస్తుంది, స్క్రీన్ మీదికి పంపేది ఇంటెలే. ఇంటెల్ డ్రైవర్ లేకపోతే ఎన్విడియా డ్రైవర్ వందసార్లు వేసినా లాభం లేదు.

అసలు అది ఎలా పోయిందంటే, వాడు ఏదో వీడియో చూసి పాత గ్రాఫిక్స్ డ్రైవర్లన్నీ తుడిచేసి, విండోస్ అప్‌డేట్లు ఆపేసి, ఎన్విడియాది ఒక్కటే వేశాడు. అప్‌డేట్లు ఆపకపోయి ఉంటే విండోసే ఇంటెల్ డ్రైవర్ తెచ్చి పెట్టేది. ఇలా సగం చెప్పి వదిలేసే వీడియోల వల్ల ఎంతమంది పిల్లలు ఇబ్బంది పడుతున్నారో! షాపుల తీరు మరీ దారుణం. ఏం అడిగినా "ఫార్మాట్ కొట్టేద్దాం" అంటారు. అందులో పిల్లాడి ప్రాజెక్టు ఉందా, అమ్మానాన్నల ఫోటోలున్నాయా అని ఒక్కరూ అడగరు. ఇక "మీ డ్రైవర్లన్నీ పాతవి" అని ఎర్రగా బెదిరించే ఆ అప్‌డేటర్ సాఫ్ట్‌వేర్లను దయచేసి తీసేయండి.

మీరు చేయాల్సింది ఇది. ల్యాప్‌టాప్ అడుగున ఉన్న సీరియల్ నంబరుతో దాన్ని తయారుచేసిన కంపెనీ సపోర్ట్ పేజీలోకి వెళ్లండి. అక్కడున్న చిప్‌సెట్ (మదర్‌బోర్డు) డ్రైవర్, ఆ తర్వాత ఇంటెల్ గ్రాఫిక్స్, చివరగా ఎన్విడియా, ఈ వరసలో వేసి ఒక్కోదాని తర్వాత రీస్టార్ట్ చేయండి. మావాడి ల్యాప్‌టాప్‌లో ఇంటెల్‌ది వేస్తుండగానే స్క్రీన్ ఒకసారి ఆరి వెలిగింది, బ్రైట్‌నెస్ బార్ కదిలింది. తర్వాత సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌లోకి వెళ్లి గేమ్ పేరు ఎంచుకుని హై పెర్ఫార్మెన్స్ పెట్టాం. ఛార్జర్ తగిలించి నొక్కితే గేమ్ తెరుచుకుంది. రూపాయి ఖర్చు లేదు.

స్క్రీన్ నిండా గీతలు, రంగురంగుల గడులు కనబడుతూ, సరైన డ్రైవర్ వేసినా ఎన్విడియా పక్కన పసుపు త్రికోణం పోకపోతేనే చిప్‌ని అనుమానించాలి.

మీది ఇంటెల్ నాలుగో తరం ప్రాసెసర్ అయి, వేరే గ్రాఫిక్స్ కార్డ్ లేకపోతే సంగతి వేరు. భద్రతా లోపం వల్ల ఆ తరం చిప్‌లకు కొత్త డ్రైవర్లలో డైరెక్ట్‌ఎక్స్ 12ను (గేములు గ్రాఫిక్స్ చిప్‌ని వాడుకోవడానికి విండోస్‌లో ఉండే ఏర్పాటు) ఇంటెలే తీసేసింది. డైరెక్ట్‌ఎక్స్ 11తో నడిచే గేములే చూసుకోండి.

మీ డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద ఏ పేర్లున్నాయో కామెంట్‌లో రాయండి, మిగతాది నేను చెబుతాను.