చిన్నపిల్లల బడిలో చేరిన మా అమ్మలుకి

పర్లాకిమిడి

చి. సౌ. అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

కాశీనగర్‌లో ఎల్‌కేజీ పిల్లల్ని నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం వేసింది. ఆటలు, పాటలు, అక్షరాలు నీకు బాగా వచ్చు, వాటి గురించి నేను చెప్పక్కర్లేదు. ట్రైనింగులో అంతగా పట్టించుకోని సంగతి ఒకటి ఉంది, అది రాస్తున్నాను. ఈ రోజుల్లో మూడేళ్ల పిల్ల కూడా బడి గడప తొక్కే ముందే ఫోన్‌లో ఎన్నెన్నో చూసేసి వస్తోంది. తను ఏం చూసిందో, దేనికి జడిసిందో చెప్పుకోవడానికి ఒక మనిషి ఉండాలి. ఆ మనిషివి నువ్వు కావాలి. మిగతా జాగ్రత్తలన్నీ దీని తర్వాతే.

ముందు, పిల్లల దగ్గర ఫోన్‌ని తిట్టకు. మన వైపు చాలా ఇళ్లలో తండ్రి హైదరాబాదులోనో, చెన్నైలోనో, సూరత్‌లోనో పని చేసుకుంటూ ఉంటాడు. రాత్రి డ్యూటీ దిగాక వీడియో కాల్ చేస్తాడు. ఆ పిల్లకి నాన్న కనిపించేది ఆ ఫోన్‌లోనే. అది చెడ్డదని నువ్వు క్లాసులో అంటే పాపం ఆ పిల్ల ఏమనుకోవాలి? ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ డాక్టర్లు కూడా రెండేళ్లలోపు పిల్లలకి ఏ స్క్రీనూ చూపించొద్దంటూనే, అయినవాళ్లతో అప్పుడప్పుడూ మాట్లాడే వీడియో కాల్‌ని మినహాయించారు. రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకి రోజుకి గంట దాటకూడదన్నారు. ఈ లెక్క తల్లులకి చెప్పు. కానీ లెక్క కన్నా ముందు, అన్నం తినేటప్పుడూ పడుకోబోయే ముందూ ఫోన్ వద్దని చెప్పు. అది పాటించడం తేలిక. మూడు, నాలుగేళ్ల పిల్లకి పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. నిద్ర చాలని పిల్ల బడికి వచ్చిన కాసేపటికే పేచీ మొదలుపెడుతుంది, మనం మొండిదని పేరు పెట్టేస్తాం.

మా బడిలో ఐదేళ్ల పిల్ల ఒకతె ఉన్నట్టుండి బాత్రూమ్‌కి వెళ్లనని మొరాయించింది. గౌను అంచు గుప్పిట్లో నలుపుకుంటూ, కాళ్లు దగ్గరికి బిగబట్టి గోడవార నిలబడేది. ఆయమ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే గుమ్మం పట్టుకుని వదిలేది కాదు. పక్కనే నేల మీద కూర్చుని, సుద్దముక్కతో ఏవో గీస్తూ, 'లోపల ఏముందే తల్లీ?' అని అడిగాను. చాలాసేపటికి 'బకెట్లోంచి చెయ్యి వస్తాది' అంది. ఇంట్లో నాయనమ్మ ఫోన్‌లో పిల్లల పాట పెట్టి వంటింట్లోకి వెళ్లిందట. ఆ పాట అయ్యాక దానంతటదే ఇంకోటి, ఆ తర్వాత మరోటి వస్తూ వస్తూ దెయ్యం వీడియో దాకా పోయింది. పిల్ల ఎవరికీ చెప్పలేదు. చెబితే ఫోన్ లాక్కుంటారని భయం.

ఇలాంటప్పుడు 'అదెందుకు చూశావు?' అని మాత్రం అనకు. ఆ ఒక్క మాటకి పిల్ల నోరు మూసుకుంటుంది. రేపు ఇంతకన్నా పెద్దది జరిగినా నీ దాకా రాదు. 'చెప్పి మంచి పని చేశావమ్మా' అను. 'అదంతా ఉత్తిదే, పో' అని కొట్టిపారేయకు, దెయ్యం ఉత్తిదే కానీ పిల్ల భయం ఉత్తిది కాదు. నేను ఆ పిల్లతో పాటు లోపలికి వెళ్లి, బకెట్ బోర్లించి చూపించి, తలుపు ఓరగా తీసి ఉంచి బయట నిలబడ్డాను. కొన్నాళ్లకి తనే 'నువ్వెళ్లిపో టీచర్' అంది. నాయనమ్మని ఒక్క మాట అనలేదు. వీడియోలు వాటంతటవే వచ్చే సెట్టింగు ఆవిడ ఫోన్‌లో ఆపేసి వచ్చాను. అలాంటిది ఉందనే ఆవిడకి తెలియదు.

భయం అనేది ఇంటి భాషలోనే బయటికొస్తుంది. నీ దగ్గరికి తెలుగు పిల్లలూ వస్తారు, ఒడియా పిల్లలూ వస్తారు, కొండల్లో ఉండే సవర గిరిజనుల పిల్లలూ వస్తారు. గిడుగు రామమూర్తి పంతులుగారు మన పర్లాకిమిడిలోనే ఉండి సవర నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ల మాటలోనే చదువు చెప్పించారు. ఆ పని మన ఊళ్లో జరిగినందుకు నాకు ఇప్పటికీ గర్వం. నువ్వు అంత చెయ్యలేకపోయినా, 'భయంగా ఉందా', 'నొప్పిగా ఉందా', 'ఎవరు', 'నాతో చెప్పు' అనే మాటలు మూడు భాషల్లోనూ నేర్చుకో. సవర మాటలు పిల్లల తల్లుల్నే అడుగు, సంతోషంగా నేర్పుతారు.

తల్లులకి మీటింగు పెట్టి ఉపన్యాసమిస్తే ఎవరూ వినరు. సాయంత్రం పిల్లల కోసం వచ్చినప్పుడు అరుగు మీద కూర్చోబెట్టి, వాళ్ల ఫోన్‌లోనే చేసి చూపించు. యూట్యూబ్‌లో ఆటోప్లే, అంటే వీడియోలు వాటంతటవే వచ్చే సెట్టింగు, ఆపడం, యూట్యూబ్ కిడ్స్‌లో పెద్దవాళ్లు ఎంచిన వీడియోలే వచ్చేలా పెట్టడం, ప్లే స్టోర్‌లో ఏదైనా కొనబోతే పాస్‌వర్డ్ అడిగేలా చెయ్యడం. ఇవి చాలు. ఎన్ని పెట్టినా ఏదో ఒకటి కళ్లబడుతూనే ఉంటుంది కాబట్టి, ఇయర్‌ఫోన్ ఇవ్వకుండా, అందరికీ వినబడేలా, పెద్దవాళ్లున్న చోటే చూడనివ్వమను. సెట్టింగులన్నిటికన్నా నాకు దీని మీదే నమ్మకం.

పిల్లలకి నువ్వు నేర్పాల్సిందల్లా, 'అమ్మకి చెప్పకు' అని ఎవరైనా అంటే ఆ సంగతే అమ్మకి ముందు చెప్పాలి అని. బొమ్మలతో ఆటలా ఆడించు. ఏనుగు బొమ్మ 'ఎవరికీ చెప్పకు' అంటుంది, పిల్లలు పరుగెత్తుకొచ్చి నీ చెవిలో చెబుతారు. వారం వారం ఆడించు.

ఇక బరువైన సంగతి. ఎవరో ముట్టుకోకూడని చోట ముట్టుకున్నారనో, ఫోన్‌లో పాడు బొమ్మలు చూపించారనో, బట్టల్లేకుండా ఫోటో తీశారనో ఏ పిల్లయినా అంటే, నీ టెన్షన్ మొహంలో కనిపించనివ్వకు. గుచ్చి గుచ్చి అడక్కు. పిల్ల ఏమందో ఆ మాటల్లోనే, ఆ భాషలోనే, తేదీ, టైము వేసి రాసిపెట్టుకో. సాక్ష్యం కదా అని ఆ ఫోటోని నీ ఫోన్‌కి పంపించుకోకు, ఎవరికీ ఫార్వర్డ్ చెయ్యకు, అలా పంపడం కూడా నేరమే. 1098కి ఫోన్ చెయ్యి. అది పిల్లల కోసం రాత్రీ పగలూ పనిచేసే ఉచిత నంబరు. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఇలాంటిది తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పి తీరాలి. 'బడి పరువు పోతుంది, మనలో మనం సర్దుకుందాం' అని ఎంత పెద్దవాళ్లన్నా వినకు, దాచిపెడితే శిక్ష ఉంది. అదే సెక్షన్లో మనలాంటి సరిహద్దు ఊళ్లవాళ్లు తెలుసుకోవాల్సిన మాట ఇంకొకటి ఉంది. రాసుకునే భాష పిల్లకి అర్థం కాకపోతే, అనువాదం చేసే మనిషిని ఏర్పాటు చెయ్యాలి. స్టేషన్లో ఒడియాలో రాస్తుంటే తెలుగు పిల్ల బిక్కమొహం వేసుకుని కూర్చోనక్కర్లేదు, నువ్వు గట్టిగా అడుగు. పిల్ల వాంగ్మూలం ఇంటి దగ్గరే తీసుకోవచ్చు, తీసుకునే పోలీసు యూనిఫాంలో ఉండకూడదు. పిల్ల పేరు మాత్రం స్టాఫ్‌రూములో కూడా నీ నోట రాకూడదు.

నీ ఫోన్ గురించి కూడా రాయాలి. పిల్లలు కృష్ణుడి వేషాలేసుకుని వస్తే ఫోటో తీసి స్టేటస్ పెట్టాలని మనసు లాగుతుంది. పెట్టకు. యూనిఫాం మీద బడి పేరు, మెడలో కార్డు మీద పిల్ల పేరు, తండ్రి నంబరు, వెనక గోడ మీద ఊరి పేరు, అన్నీ ఒక్క ఫోటోలో వచ్చేస్తాయి. ముక్కూ మొహం తెలియనివాడు కూడా పిల్లని పేరు పెట్టి పిలవడానికి అది చాలు. రంగులంటిన చేతులు తియ్యి, వాళ్లు వేసిన బొమ్మలు తియ్యి. దూరాన ఉన్న తండ్రికి పిల్ల ఫోటో పంపాలంటే గ్రూపులో పెట్టకుండా ఆయనకే విడిగా పంపు.

ఫోటోలకి తల్లిదండ్రుల అనుమతి కాగితం ఈ వారంలోనే తయారు చెయ్యి. తెలుగులో, ఒడియాలో రెండిట్లోనూ రాయి. చదువు రాని నాయనమ్మలకి మొత్తం చదివి వినిపించు, 'వద్దు' అనే గడి కూడా ఉందని చెప్పు, ఆ తర్వాతే వేలిముద్ర వేయించు.

ఇట్లు,
మీ పెద్దమ్మ